చెయ్యి దూరని చోట

విమానమనగానే మన మనస్సు రెక్కల మీదికి పోతుంది, లేదా ఇంజను మీదికి పోతుంది. విహారయాత్రకు విశాఖపట్నం వెళ్లిన మన జిల్లా పాఠశాలల పిల్లలు సముద్రపుటొడ్డున నిలిపి ఉంచిన టి.యు.-142 విమానం వద్ద ఆగి, దాని నాలుగు ఇంజనులను, ఒక్కొక్క ఇంజనుకు ఒకదాని వెనుక ఒకటిగా వ్యతిరేక దిశలలో తిరిగే జంట పంకాలను లెక్కపెట్టుకొని ఆశ్చర్యపోతారు. ఆశ్చర్యపడదగినదే. 1988లో మన నౌకాదళంలో చేరి, 2017లో విరమించేవరకు ఇరవై తొమ్మిదేండ్లపాటు సముద్రాన్ని కాపలా కాసిన విమానమది. ఒక రెక్క కొన నుండి రెండవ రెక్క కొనకు సుమారు 50 మీటర్లు. కాని అంతటి యంత్రం అన్నేండ్లు ఆకాశంలో నిలవటానికి తోడ్పడే వస్తువులలో ఒకటి పిల్లల కంట పడేది కాదు. అరచేతిలో నాలుగైదు పట్టేటంత చిన్నది. ఈ వ్యాసం దానిని గూర్చి.

కర్మాగారంలో దానిని క్లాంపు అంటారు. మనం బిగింపు పట్టీ అనుకోవచ్చును. పలుచని లోహపు పట్టీని ఒక సున్నవలె చుట్టి, రెండు కొసలను ఒకదానిపై ఒకటి వచ్చేటట్లు ప్రక్కకు చాచి, ఆ కొసలకు చెరొక బెజ్జం వేస్తే దాని రూపం సిద్ధిస్తుంది. సున్న లోపలి అంచంతటికీ రబ్బరు తొడుగు ఉంటుంది. విద్యుత్తు తీగల కట్టనో, నూనె గొట్టాన్నో ఆ సున్నలో ఇమిడ్చి, రెండు బెజ్జాలను కలిపి వానిగుండా ఒక మరమేకు దూర్చి, విమానపు అస్థిపంజరానికి బిగించాలి. ఇంతే పని. కాగితం మీద ఇంతే.

ఒక పెద్ద విమానంలో ఎంత తీగ ఉంటుందో పాఠకులు ఊహించగలరా? ఎయిర్‌బస్ సంస్థవారి ఎ-380 విమానంలో సుమారు 530 కిలోమీటర్ల తీగ ఉన్నదని లెక్క. పలాస స్టేషనులో రైలెక్కి విజయవాడలో దిగితే మనం ప్రయాణం చేసిన దూరం దాదాపు అంత. ఆ తీగనంతటినీ కట్టలు కట్టలుగా గోడల వెనుక, నేల క్రింద, రెక్కల లోపల నడిపించాలి. జర్మనీలోని హాంబర్గులో ఒక రకం కంప్యూటరు లెక్కతోను, ఫ్రాన్సులోని టులూజులో మరొక రకం లెక్కతోను గీచిన పటాలు పొసగక, వంపుల వద్ద తీగకట్టలు పొట్టివైపోయి, 2006లో ఆ విమానపు నిర్మాణమే వెనుకబడింది. సంస్థ అధిపతులు పదవులు వదలుకొనవలసి వచ్చింది. తీగను అందవలసిన చోటికి అందించటం ఎంత కష్టమో దీనివల్ల తెలుస్తుంది. అందిన తీగను అక్కడ పట్టి ఉంచటం మరొక కష్టం.

ఎందుకు పట్టి ఉంచాలి? గిలక లేని బావిలో చేదతాడు గట్టు ఒరపిడికి ఎట్లా తెగుతుందో మన ఇండ్లలో అందరికీ తెలుసు. విమానం ఎగిరినంతసేపూ సన్నగా కంపిస్తూనే ఉంటుంది. ఆ కంపనంలో వ్రేలాడే తీగ ప్రక్కనున్న లోహపు అంచును రుద్దుకుంటుంది. వేల గంటల రాపిడికి పైతొడుగు అరుగుతుంది. లోపలి రాగి బయటపడుతుంది. ఒకనాడు నిప్పురవ్వ లేస్తుంది. అందుచేత అమెరికా విమానయాన శాఖవారి మార్గదర్శి ఒక ఏర్పాటు చెప్పింది. తీగకట్టకు 24 అంగుళాలకు మించని ఎడంలో ఒక బిగింపు ఉండాలి. రెండు బిగింపుల నడుమ చేతితో అదిమితే తీగ అర అంగుళానికి మించి క్రుంగకూడదు. ఇంధనపు గొట్టం ప్రక్కన తీగ నడిస్తే తీగ పైన, గొట్టం క్రింద ఉండాలి. గొట్టం కారితే ఆ తడి తీగ మీద పడకుండా.

రబ్బరులోనూ భేదాలున్నాయి. ఇంధనం తగిలేచోట ఒకటి, వేడి తగిలేచోట ఒకటి, యంత్రాంగాన్ని నడిపే రసాయన ద్రవం తగిలేచోట మరొకటి. ఒకదాని స్థానంలో మరొకటి వేస్తే ఆ రబ్బరు ఉబ్బి, మెత్తబడి, కొన్నాళ్లకు ఊడిపోతుంది. కొలతలు అంగుళంలో పదహారవ వంతు చొప్పున పెరుగుతాయి. ఒక కొలత తక్కువైతే తీగను నులుముతుంది, ఎక్కువైతే వదులై, ఏ రాపిడిని ఆపటానికి పెట్టామో ఆ రాపిడినే తెస్తుంది.

ఇక అసలు బాధకు వస్తాను. మా తీరపు కుర్రవాడొకడు నా వద్ద తెలుగు చదువుకొని, తరువాత విమానాల నిర్వహణలో శిక్షణ పొంది, హైదరాబాదు చేరువనున్న ఒక కర్మాగారంలో పని చేస్తున్నాడు. తండ్రి భావనపాడు వైపు సముద్రంలో వేటకు వెళ్లే మనిషి. పండుగలకు వచ్చినప్పుడు నా వద్దకు వచ్చి కూర్చుంటాడు. ‘విమానాలలో అన్నింటికంటె కష్టమైన పని ఏది నాయనా?’ అని ఒకసారి అడిగితే, ఇంజను పేరు చెబుతాడనుకున్నాను. ‘క్లాంపు బిగించటం మాస్టారూ’ అన్నాడు. నవ్వుతున్నాడేమోనని చూచాను. నవ్వటం లేదు.

అతడు చెప్పినది ఇది. బల్ల మీద పెట్టి బిగిస్తే క్లాంపు పని అర నిమిషం. కాని విమానంలో అది బల్ల మీద ఉండదు. ఒక గోడకు, మరొక గోడకు నడుమ మోచేయి వరకు మాత్రమే పట్టే సందులో, నాలుగు గొట్టాల వెనుక, మూడు కట్టల క్రింద ఉంటుంది. ‘చెయ్యి దూరితే కన్ను దూరదు మాస్టారూ, కన్ను దూరితే చెయ్యి దూరదు.’ చేతిని లోనికి పంపిన తరువాత ఆ చేయే సందును మూసివేస్తుంది కాబట్టి, పనంతా వేళ్ల కొసలతో తడిమి చేయవలసినదే. రబ్బరు తొడుగుకు సహజంగానే నోరు తెరచుకొని ఉండే గుణం ఉన్నది. బలంగా నొక్కితే తప్ప రెండు బెజ్జాలు కలియవు. కలిసినవనుకొనే లోపల కట్టలోని తీగ ఒకటి జారి ఆ నోటిలో చిక్కుకుంటుంది. దానిని చూడకుండా బిగిస్తే ఆ తీగ నలిగిపోతుంది. కాబట్టి వదలి మళ్లీ మొదలు. మరమేకు, పట్టీ కొసలు, నడుమ ఎడం కోసం ఒక చిన్న గొట్టపు ముక్క, వెనుక వాషరు, ఆ వెనుక నట్టు, ఇవన్నీ ఒకే మరమేకు మీద వరుసగా ఎక్కాలి. మనిషికున్నవి రెండు చేతులు. లోపలికి దూరేది ఒక్కటే.

ఉత్పలమాలలో పదవ అక్షరం వద్ద యతి కుదరక రాత్రంతా తంటాలు పడిన విద్యార్థికి ఈ బాధ కొంతవరకు అర్థమవుతుంది. అర్థం కుదిరితే యతి తప్పుతుంది, యతి కుదిరితే అర్థం జారిపోతుంది. అయితే పద్యం చెప్పేవానికి వ్యర్థపదమనే అడ్డదారి ఒకటి ఉన్నది. లక్షణకారులు కోపగించినా ఎవరి ప్రాణమూ పోదు. క్లాంపు బిగించేవానికి ఆ దారి లేదు.

కష్టం ఉన్నచోట ఉపాయాలూ పుడతాయి. పుస్తకంలో ఉన్నవి కొన్ని, పెద్ద పనివారి వద్ద చూచి నేర్చుకొనేవి కొన్ని. పట్టీ మెడ చుట్టూ సన్నని తీగ చుట్టి, పటకారుతో మెలివేసి నోరు మూయించి, మరమేకు పట్టుకొన్న తరువాత ఆ తీగను కత్తిరించి తీసివేయటం ఒక పద్ధతి. కొస సన్నగా దిగిన కమ్మీని ముందుగా బెజ్జాలలో దూర్చి వానిని ఒక వరుసకు తెచ్చి, కమ్మీ వెనుకనే మరమేకును నెట్టటం మరొకటి. నట్టు జారిపోకుండా స్పానరు నోటిలో కొద్దిగా గ్రీజు పూసి అంటించటం ఇంకొకటి. మన కుర్రవాడు తీగకు బదులు దారం వాడినాడట. పట్టీ మెడకు దారంతో జారుముడి వేసి బిగించి, పని అయిన తరువాత కొస పట్టి లాగితే మొత్తం దారం ఒక్క ముక్కగా బయటికి వచ్చింది. కత్తిరించవలసిన పని లేదు, తీగముక్క లోపల పడుతుందన్న భయం లేదు. ప్రక్కనున్న పెద్ద పనివాడు చూచి, ‘ఈ ముడి ఎక్కడ నేర్చినావు?’ అని అడిగినాడట. ‘మా ఇంట్లోనండి’ అని చెప్పినాడట. చిన్ననాడు వలలు బాగుచేస్తూ నేర్చిన ముడి అది. పదేండ్ల బడిచదువులో అతని వేళ్లకు వచ్చిన ఆ విద్యను గూర్చి ఎవరూ అడిగి ఉండరు. అతనికి సమాసాలు చెప్పిన నేను కూడా.

వాషరు పడిపోవటాన్ని గూర్చి అతడు చెప్పినప్పుడు గొంతు మారింది. పావలా కంటె చిన్న లోహపు బిళ్ల. చేతిలోనుండి జారితే టింగుమని ఒక చప్పుడు, ఆ తరువాత నిశ్శబ్దం. ఇంటిలో అయితే మరొకటి తీసుకుంటాం. విమానంలో అట్లా కుదరదు. పడినది ఏ తీగల నడుమ నిలిచిందో, ఏ కప్పీ సందున చిక్కిందో తెలియకుండా విమానాన్ని పంపరాదు. అయస్కాంతంతో వెదకుదామంటే, అల్యూమినియం వాషరు అయస్కాంతానికి లొంగదు. తుప్పు పట్టని ఉక్కులోనూ చాలా రకాలు లొంగవు. పిడి ఉన్న అద్దం, దీపం, పామువలె వంగే సన్నని కెమెరా, ఇవి సాధనాలు. ఒకనాటి రాత్రి పావుగంట పనికి మూడు గంటలు వెదకినారట. చివరకు అది అతని చొక్కా చేతి మడతలోనే దొరికింది. అందరూ నవ్వినారు. అతనికి మాత్రం నవ్వు రాలేదట. ఆ మూడు గంటలలో రెండుసార్లు ‘పోనీ, పడలేదని చెప్పేద్దామా’ అనే ఆలోచన వచ్చిందన్నాడు.

ఆ ఆలోచనను అతడు దాచకుండా నాకు చెప్పినందుకు సంతోషించాను. ఎందుకంటే ఒక వాషరు కథ ప్రపంచంలో వేరొకచోట వేరొక విధంగా ముగిసింది.

2007 ఆగస్టు 20వ తేదీన చైనా ఎయిర్‌లైన్స్ వారి బోయింగ్ 737 విమానం ఒకటి తైపే నుండి జపాను దేశపు ఒకినావా దీవిలోని నహా విమానాశ్రయంలో దిగింది. దిగి, నిలిచి, ప్రయాణికులు లేవబోతుండగా ఇంధనం కారి మంటలు లేచినాయి. సిబ్బందితో కలిపి 165 మందీ ప్రాణాలతో బయటపడినారు, విమానం కాలిపోయింది. కారణం వెదకగా తేలినది ఇది. రెక్క ముందంచున, దిగేటప్పుడు ముందుకు జరిగే పలకలుంటాయి. ఆ పలకను నడిపే పట్టాకు ఒక అడ్డుబోల్టు ఉన్నది. దాని నట్టు వదులవుతున్నదని తెలిసి, విప్పి, జిగురు పూసి, మళ్లీ గట్టిగా బిగించమని నిర్మాతలు ముందే సూచించి ఉన్నారు. ఆ సూచన ప్రకారం పని చేస్తున్నప్పుడే, ప్రమాదానికి సుమారు నెలన్నర ముందు, వాషరు జారి పడిపోయింది. ఎవరూ గమనించలేదు. వాషరు లేని బోల్టు బెజ్జంలో నిలువలేక ఊడింది. పలక వెనుకకు ముడుచుకున్నప్పుడు ఆ బోల్టే నెట్టుకొనిపోయి ఇంధనపు తొట్టికి చిల్లు పెట్టింది. నట్టు సడలకుండా చేయబోయిన పనిలోనే ఈ అనర్థం పుట్టింది.

జపాను రవాణా భద్రతా మండలివారు 2009లో ప్రకటించిన నివేదికలో నన్ను ఆపివేసినది ఈ యంత్రభాగం కాదు. ఆ నట్టు ఉన్న చోటు చెయ్యి చేరటానికి కష్టమైన చోటని వారు గుర్తించినారు. ఆ కష్టాన్ని, పని చేయమని చెప్పిన నిర్మాతలు గాని, సంస్థవారు గాని తగినంతగా లెక్కలోనికి తీసుకోలేదన్నారు. అంతటితో ఆగక, ఆ పని చేసినవారు, చేయించినవారు కూడా, ఇది కష్టంగా ఉన్నదని పైవారికి చెప్పలేదని వ్రాసినారు. అనగా, ‘చెయ్యి అందటం లేదు’ అనే ఒక్క మాట పలుకవలసిన చోట పలుకబడలేదు.

మరొక ఉదాహరణ పాతది. 1962 మార్చి 1న న్యూయార్కులో అమెరికన్ ఎయిర్‌లైన్స్ వారి బోయింగ్ 707 విమానం ఎగిరిన కొద్ది నిమిషాలకే జమైకా అఖాతంలో కూలి, అందులోని 95 మందీ మరణించినారు. చుక్కానిని నడిపే యంత్రంలో తీగలు కలిసిపోవటం వల్ల ప్రమాదం జరిగినదని దర్యాప్తువారు నిర్ణయించినారు. ఆ తీగలు ఆకాశంలో పాడైనవి కావు. కర్మాగారంలో కట్టలు కట్టేటప్పుడు, చెయ్యి పట్టని చోట సన్నని పట్టుకారులను వాడగా, వాని మొనలు తగిలి తొడుగులు దెబ్బ తిన్నవట. కట్ట కట్టినవానికి ఆ గాటు తగిలిన సంగతి తెలిసి ఉండదు. ఆ పని అట్లా చేయవలసి రావటం మీద అతనికి విసుగు కలిగి ఉండవచ్చును. ఆ విసుగును అడిగినవారెవరు?

విసుగు అనేది చెడ్డ గుణమని మనం పిల్లలకు చెబుతాం. సహనానికి మార్కులు వేస్తాం. నా అభిప్రాయంలో పనివాని విసుగు ఒక వార్త. ఈ చోటు తప్పుగా కట్టబడినది, ఈ సాధనం చాలదు, ఈ సమయం సరిపోదు అని అది చెబుతుంది. దానిని లోపలే మింగి నోరు మూసుకొనేవాడు మంచి పనివాడనిపించుకుంటాడు. వార్త మాత్రం చేరవలసిన చోటికి చేరదు. కెనడా రవాణా శాఖలో పని చేసిన గోర్డన్ డుపాంట్ 1993లో, విమానాల మరమ్మతులో మనుషులు పొరబడటానికి పన్నెండు కారణాలను ఏరి చూపినాడు. అలసట, తొందర, ఏమరుపాటు వంటివి మనకు తట్టేవే. వానితోపాటు, మనస్సులోని మాటను గట్టిగా చెప్పలేకపోవటం కూడా ఆ పట్టికలో ఉన్నది. మన దేశంలో విమాన నిర్వహణ ఇంజనీరు పట్టా కోరేవారికి ఈ మానవ సంబంధమైన విషయాలు పరీక్షలో ఒక పాఠ్యాంశం.

ఉపాధ్యాయులుగా మనం ఇక్కడ కొంచెం నిలువవలసి ఉన్నది. ‘రావటం లేదు సార్’ అన్న పిల్లవానికి మన తరగతులలో దొరికే సమాధానమేమిటి? ‘అందరికీ వస్తున్నది, నీకెందుకు రాదు?’ రెండుసార్లు ఈ సమాధానం విన్నవాడు మూడవసారి నోరు విప్పడు. ప్రక్కవాని లెక్క చూచి దించుకుంటాడు. మనం సరి గుర్తు పెడతాం. ఆ అలవాటుతోనే అతడు పెరిగి, ఇరవై ఐదేండ్ల వయస్సులో ఒక రాత్రి విమానం రెక్క క్రింద నిలబడి, చెయ్యి అందని నట్టును తడుముతూ ఉంటాడు. ఎదుట పై అధికారి. తెల్లవారితే విమానం ఎగరాలి. ఆ క్షణంలో ‘నాకు అందటం లేదండి’ అనటానికి కావలసిన ధైర్యం అతనికి ఏ బడిలో దొరుకుతుంది? మన జిల్లా నుండి పారిశ్రామిక శిక్షణ సంస్థలలో చదివి విశాఖపట్నానికి, హైదరాబాదుకు, ఇంకా దూరానికి పనులకు వెళ్లే కుర్రవాండ్రు ఎందరో ఉన్నారు. ఇది వారి సంగతి, వారు బిగించిన యంత్రాలలో ప్రయాణించే మన అందరి సంగతి.

బిగింపు అంటే కదలకుండా చేయటమని మనం అనుకుంటాం గాని, మా సంతబొమ్మాళి తీరంలో పాతకాలపు తెప్పలు కట్టినవారు అట్లా అనుకోలేదు. దుంగలను ప్రక్కప్రక్కన చేర్చి తాటితో కట్టేవారు; మేకు వాడేవారు కారు. కెరటం కొట్టినప్పుడు దుంగలు కొంచెం కదిలి, మళ్లీ కుదురుకోవాలి. కోరమండల తీరమంతటా ఒకప్పుడు నడిచిన మసూలా పడవల పలకలను కూడా కొబ్బరి పీచుతాటితో కుట్టేవారు. మేకు కొట్టిన పలక ఆ అలల తాకిడికి చీలుతుంది, కుట్టిన పలక వంగి ఊరుకుంటుంది. క్లాంపులోని రబ్బరు చేసేదీ అదే పని. పట్టుకుంటుంది, కొంత చలనానికి చోటిస్తుంది. అయితే ఒక పెద్ద తేడా ఉన్నది. తెప్ప కట్టినవాడే దాని మీద సముద్రంలోనికి వెళ్తాడు. ముడి వదులైతే ముందుగా తడిసేది అతడే. విమానంలో క్లాంపు బిగించినవాడు నేల మీద ఉండిపోతాడు. అతనికీ, ఆకాశంలో ఉన్నవారికీ నడుమ ఉన్న బంధం కాగితం మీద అతడు చేసిన సంతకం ఒక్కటే.

పుష్పక విమానాన్ని నిర్మించిన విశ్వకర్మను మన కవులు కీర్తించినారు. దానిని ఎక్కినవారిని మరింతగా కీర్తించినారు. లంక నుండి అయోధ్యకు వచ్చిన ఆ విమానాన్ని ఎవరు తుడిచి, ఎవరు బిగించి నిలిపినారో వారికి పట్టలేదు. దేవతల విమానానికి అరుగుదల లేదేమో; మనవి అరుగుతాయి.

మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు మన కుర్రవాడు తండ్రి పడవను చూడటానికి ఒడ్డుకు వెళ్లినాడట. ఇప్పుడవి ఫైబరు పడవలు, వెనుక ఇంజను. ఇంధనపు గొట్టం పడవ అంచుకు రుద్దుకొని ఒకచోట పలచబడి ఉండటం చూచినాడు. పాత సైకిలు ట్యూబు నుండి ఒక ముక్క, డబ్బా రేకు నుండి ఒక పట్టీ కోసి, రెండు బెజ్జాలు వేసి, గొట్టాన్ని అందులో ఇమిడ్చి పడవ అంచు లోపలి ప్రక్కకు బిగించినాడు. ఎదురుగా ఆరుబయలు, రెండు చేతులకూ చోటు, పట్టపగటి వెలుతురు. మొదటి ప్రయత్నంలోనే మర ఎక్కింది.

ప్రక్కన వల సర్దుకుంటున్న తండ్రి అంతా చూచి అడిగినాడట: ‘ఇంతేనేటిరా నీ ఉద్యోగం?’